పెండ, సుద్ద, జాజు: మన ఇంటి గోడల చరిత్ర

ఇప్పుడు పట్నాల్లో 'ఫామ్‌హౌస్ లుక్' అనే మోజు నడుస్తున్నది. హోటళ్లలో, రిసార్టుల్లో, కొత్తగా కట్టుకున్న ఇళ్లలో ఒక గోడను కావాలని మట్టి రంగులో, గరుకుగా ఉంచుతున్నారు. దాని మీద పాత చాట, వెదురు బుట్ట, కర్ర చెక్క వేలాడదీస్తున్నారు. అదే చాట మన అవ్వ ఇంట్లో ఉంటే పాతబడిందని బయట పారేస్తున్నాం. జమ్మికుంట, హుజూరాబాద్, కరీంనగర్‌లలో చదువుకుంటూ కిరాయి గదుల్లో ఉండే మన పిల్లలు కొందరు గోడకు 'గోండు ఆర్ట్' స్టిక్కర్లు అంటించుకుంటున్నారు. ఆ చుక్కల జింక, ఆ గీతల చెట్టు మధ్యప్రదేశ్ నుంచి వచ్చినవి. అక్కడివాళ్లూ మనవాళ్లే, అంటించుకోవడంలో తప్పేమీ లేదు. కానీ మన గూడెం గోడ మీద ఏముండేదో తెలుసుకోకుండా దాన్నే మన గోడ అనుకుంటే, మన చరిత్రలో ఒక ముక్క మన చేతుల్లోంచే జారిపోతుంది. ఆ ముక్క గురించే ఈ నాలుగు మాటలు.

గోడ ఎట్లా నిలిచేది

ఆదిలాబాద్ కొండల్లో పాత గోండు ఇల్లు అంటే కర్ర గుంజలు, వెదురు తడకలు, పైన గడ్డి లేదా గూన పెంకులు. తడకకు రెండు వైపులా మన్ను మెత్తితే అది గోడ. ఉట్టి మన్ను మెత్తితే ఎండకు పగులుతుంది. అందుకే తరిగిన గడ్డి, ఊక కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో తొక్కి, నానబెట్టి వాడతారు. గడ్డి పోగులు మన్నును పట్టి ఉంచుతాయి. అది ఆరిన తర్వాత జల్లించిన మన్ను, పెండ కలిపిన అలుకు పూస్తారు. అది సన్న పగుళ్లను మూసి గోడను నునుపు చేస్తుంది. ఆ పైన రంగు: తెలుపుకు సుద్దమన్ను, ఎరుపుకు జాజు లేదా ఎర్రమన్ను, నలుపుకు బొగ్గు.

గుంజలు నాటడం, కప్పు వేయడం మగవాళ్ల పని. గోడ మాత్రం ఆడవాళ్లది. ఏ వాగు ఒడ్డున తెల్లమన్ను దొరుకుతుందో, ఏ గుట్ట కింద ఎర్రమన్ను చిక్కగా ఉంటుందో తల్లి చెప్తే బిడ్డకు తెలిసేది. కుంచె అంటే గుడ్డ పీలిక, నమిలిన పుల్ల, ఎక్కువగా చేతివేళ్లే. అలికేటప్పుడు చేయి తిరిగిన తీరు కూడా గోడ మీద నెలవంకల వరుసగా మిగిలిపోతుంది. గోడ అడుగున పట్టీ, గడప చుట్టూ గీత, వాకిట్లో ముగ్గు. ఇందులో కొన్నది ఏమీ లేదు. ఖర్చంతా చేతులదే.

పండుగకు ముందు పూత

ఈ పనికి ఒక కాలం ఉంది. వానాకాలం నాలుగు నెలల్లో జల్లుకు గోడ బయటి పూత కొట్టుకుపోతుంది. వానలు వెనక్కి తగ్గి, పంట చేతికొచ్చే వేళకు దీపావళి, దానితో దండారి వస్తాయి. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలతో ఒక ఊరి దండారి ఇంకో ఊరికి పోతుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి ఆహ్వానిస్తారు, తిండి పెడతారు, పడుకోను చోటిస్తారు. ఆ రాకపోకల్లోనే చుట్టరికాలు కలుస్తాయి. చుట్టాలొచ్చే ముందు ఇల్లు అలుకుతారు గదా. అంటే మన గోడ పూత మూడు పనులు ఒకేసారి చేసేది: వాన చేసిన నష్టాన్ని పూడ్చేది, పండుగను పిలిచేది, వచ్చిన చుట్టానికి మర్యాద చూపేది.

మట్టి పనికి మనవాళ్లు ఇచ్చే విలువ కేస్లాపూర్‌లోనూ కనిపిస్తుంది. పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరలో మెస్రం వంశం ఆడపడుచులు, అల్లుళ్లు కొత్త కుండల్లో నీళ్లు తెచ్చి మట్టితో పుట్ట చేస్తారు. నాగోబాకు మెస్రం వంశంవాళ్లు ఇప్పుడు రాతి గుడి కట్టించుకున్నారు. గుడి రాయిదైనా పుట్ట మట్టిదే. ఏటేటా చేతితో చేసేదాన్ని ఒక్కసారే చేసి వదిలేయకూడదనే మాట అందులో ఉంది.

భూమి ఉంటేనే గోడ

ఏటా గోడ పూయాలంటే వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటామన్న ధీమా ఉండాలి. నిజాం కాలంలో ఆ ధీమా పోయింది. రిజర్వు అడవి గీతలు గీసి, పోడు చేసుకునే గోండులను, కోలాంలను వెళ్లగొట్టారు. గూడేలు తగలబెట్టారు. ఈ రోజు పూసిన గోడ రేపు బూడిద అవుతుందంటే ఎవరు పూస్తారు? జల్, జంగల్, జమీన్ కోసం కుమ్రం భీం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చింది ఈ పరిస్థితుల్లోనే.

ఆ పోరాటం తర్వాత మనవాళ్ల కష్టాన్ని అర్థం చేసుకోవడానికి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఆదిలాబాద్ వచ్చారు. జైనూర్ దగ్గరి మార్లవాయిలో భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మన ఇళ్లలాంటి ఇంట్లోనే ఉన్నారు. 1943లో అక్కడే గోండు పిల్లల చదువుకోసం ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. 1940లలోనే వేలాది ఆదివాసీ కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని ఇంటర్నెట్‌లో చూడొచ్చు. ఈసారి చూసేటప్పుడు మనుషుల ముఖాలతో ఆగకండి, వెనక గోడ చూడండి.

గోడ దిగి నడిచిన బొమ్మ

మధ్యప్రదేశ్ బొమ్మకు లోకమంతా పేరెట్లా వచ్చింది? దాని వెనక పర్ధాన్ల కథ ఉంది. పర్ధాన్లు గోండుల వంశ చరిత్రను పాడేవాళ్లు. మన ఆదిలాబాద్‌లో ఇప్పటికీ కిక్రీ వాయిస్తూ పెర్సపేన్ కథలు చెప్పేది వాళ్లే. నర్మద వైపు పాటకు ఆదరణ తగ్గాక చాలామంది పర్ధాన్లు కూలిపనులకు పోయారు. అట్లాంటి ఊరే పాటన్‌గఢ్. అక్కడి ఆడవాళ్లు కూడా మన ఆడవాళ్లలాగే గోడల మీద, నేల మీద మట్టి రంగులతో ముగ్గులు వేసేవారు. వాటిని 'ఢిగ్నా' అంటారు.

1980ల మొదట్లో భోపాల్‌లోని భారత్ భవన్ కోసం కళాకారులను వెతుకుతూ తిరిగినవాళ్లు పాటన్‌గఢ్‌లో జంగఢ్ సింగ్ శ్యాం అనే యువకుడు గోడ మీద వేసిన బొమ్మలు చూశారు. చిత్రకారుడు జె. స్వామినాథన్ అతన్ని భోపాల్ పిలిపించి కాగితం, రంగులు ఇచ్చారు. 1989లో అతని బొమ్మలు పారిస్ ప్రదర్శనకు వెళ్లాయి. పాటలో చెప్పిన దేవుళ్లు, జంతువులు చుక్కలుగా, గీతలుగా కాగితం మీదికొచ్చారు. జంగఢ్ 2001లో జపాన్‌లో పనిచేస్తుండగా చిన్న వయసులోనే చనిపోయాడు. అతని బంధువులు, ఊరివాళ్లు ఆ పని కొనసాగించారు. భజ్జు శ్యాంకు 2018లో, దుర్గాబాయి వ్యాంకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

మనవైపు కూడా పేరొచ్చినవి ఉన్నాయి. మార్లవాయి గుస్సాడీ గురువు కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఓజలు పోతపోసే ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆట రైలెక్కి ఢిల్లీ పోగలదు, ఇత్తడి బొమ్మ సంచిలో పడుతుంది, కాగితం చుట్ట చుట్టి పంపొచ్చు. గోడ ఎక్కడికీ పోలేదు. అందుకే గోడ పూసిన మన అవ్వల పేర్లు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. పనితనం తక్కువై కాదు.

సిమెంటు వచ్చాక

ఇప్పుడు గూడేల్లోనూ పక్కా ఇళ్లు వచ్చాయి. వానకు కారని ఇల్లు, పాము దూరని గోడ కావాలని కోరుకోవడం న్యాయమే. మట్టి ఇంటికి తిరిగి పొమ్మని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. అలుకు పని ఎంత చాకిరీయో చేసినవాళ్లకే తెలుసు. కానీ సిమెంటు గోడకు ఏటా పూత అక్కర్లేదు. పూత అక్కర్లేనప్పుడు మన్ను తెచ్చే దారి మరుస్తాం, కలిపే పాళ్లు మరుస్తాం, చివరికి చేయి తిప్పే తీరు మరుస్తాం. ఒక్క తరం చాలు. కాబట్టి మనం కాపాడుకోవాల్సింది మట్టి ఇంటిని కాదు, ఆ చేతి పనిని.

కిరాయి గదిలో ఎట్లా?

కిరాయి ఇంటి గోడకు పెండ పూస్తే ఓనర్ ఊరుకోడు, పెయింటు మీద మన్ను నిలవదు కూడా. పాటన్‌గఢ్ వాళ్లు బొమ్మను కాగితం మీదికి తెచ్చినట్టు, మనం గోడనే చిన్నది చేసి వేలాడదీసుకుందాం.

ఒక పాత చాట గానీ, వెదురు తట్ట గానీ, గోనె గుడ్డ బిగించిన చెక్క ముక్క గానీ తీసుకోండి. నున్నటి ప్లాస్టిక్ వద్దు, మన్ను పట్టుకోవడానికి గరుకు కావాలి. చాటకు పెండ అలకడం మన ఇళ్లలో కొత్తది కాదు, సందులు మూయడానికి ఎప్పటినుంచో చేస్తున్నదే. మన్ను జల్లించి, పెండ, కొంచెం మెత్తటి ఊక కలిపి ఒక రాత్రి నాననివ్వండి. తుమ్మబంక నానబెట్టిన నీళ్లు కలిపితే పట్టు పెరుగుతుంది. ఒకేసారి మందంగా పూస్తే పగులుతుంది. పలచగా పూసి, నీడకు ఆరబెట్టి, మళ్లీ పూయండి. ముందు చిన్న ముక్క మీద పూసి చూడండి: పగిలితే ఊక పెంచండి, రాలితే బంక పెంచండి. పూర్తిగా ఆరాక సుద్ద, జాజు, బొగ్గుపొడి బంక నీళ్లలో కలిపి వేలితోనో పుల్లతోనో గీయండి. ఖర్చయ్యేది బంకకు, జాజుకు పెట్టే కొద్ది డబ్బులే.

ఏం గీయాలన్నది మాత్రం ఫోన్‌లో వెతక్కండి. పండుగకు ఇంటికి పోయినప్పుడు అవ్వను, పెద్దమ్మను, మేనత్తను అడగండి. ఆమె చేతులతో గీయించుకోండి, ఆమె ఒప్పుకుంటే వీడియో తీసుకోండి. ఏ మన్ను, ఏ వాగు, ఏ పండుగకు ఏ గీత, అన్నీ రాసుకోండి. పెర్సపేన్‌కు సంబంధించిన గుర్తులు అలంకారానికి వాడవచ్చా లేదా అన్నది పెద్దలను అడిగి తేల్చుకోండి. చేసిన దాని వెనక మీ పేరు కంటే ముందు నేర్పినామె పేరు, ఊరు పేరు రాయండి.

పారిస్ దాకా పోయిన ఆ బొమ్మ కూడా ఒక ఊరి ఇంటి గోడ మీదే మొదలైంది. మన అవ్వల పేర్లు ఇంకా ఎక్కడా రాసిలేవు. వాళ్లు ఉన్నప్పుడే ఆ పేర్లు రాసే పని మన తరానిది. జమ్మికుంట నుంచి ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌కు రైలు ఉంది. ఈ దీపావళికి అలుకు పూసే రోజుకే ఊరు చేరండి.

జై సేవా!