కాలయంత్రమున రాయల కొలువు: తెలుగు ప్రేక్షకుల చరిత్రదృష్టి

బెంగళూరు నగరమునకు తూర్పుననున్న వర్తూరు ప్రాంతమున నేడు తెలుగు కుటుంబములు అనేకము నివసించుచున్నవి. వీరిలో కొందరు కోలారు సీమతో పాతసంబంధములు గలవారు. మరికొందరు వైట్‌ఫీల్డు చుట్టుపట్ల వెలసిన సాంకేతిక సంస్థలలో ఉద్యోగములకై వచ్చినవారు. ఈ ఇరువర్గములవారికిని శ్రీకృష్ణదేవరాయలు ఆత్మీయుడే. అయితే ఆ పరిచయము వారికెట్లు కలిగినది? శాసనముల వలననా, కావ్యముల వలననా, వెండితెర వలననా? శాస్త్రకల్పన చిత్రములు ప్రాచీనకాలమును చూపినపుడు తెలుగు ప్రేక్షకులు వానిని స్వీకరించిన తీరును పరిశీలించినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

కాలయంత్రమను భావనకు ప్రపంచవ్యాప్తమైన ప్రచారము హెచ్. జి. వెల్సు 1895లో ప్రకటించిన నవల వలన కలిగినది. ఆ కథలోని యంత్రము మనుష్యుని భవిష్యత్తునకు గొనిపోయినది. తెలుగువారి కాలయంత్రము మొదట వెనుకకు నడిచినది. 1991 జులై 18న విడుదలయిన ‘ఆదిత్య 369’ చిత్రమున దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు తన పాత్రలను ముందుగా 1526వ సంవత్సరమునకు, అనగా విజయనగరమునకు పంపెను. ఆ తరువాతనే 2504వ సంవత్సరమునకు చేర్చెను. రాయలుగాను, ఆధునిక యువకుడుగాను నందమూరి బాలకృష్ణ ద్విపాత్రాభినయము చేసెను. తెనాలి రామకృష్ణుడుగా చంద్రమోహన్ నటించెను. ఇళయరాజా సంగీతమును, జంధ్యాల సంభాషణలును సమకూర్చిరి.

ఈ చిత్రము ప్రజాదరణ పొందినది. కాలము గడచినకొలది ఆ ఆదరణ పెరిగినదే గాని తరుగలేదు; 2025 ఏప్రిల్‌లో చిత్రమును మరల విడుదల చేయుటయే దీనికి నిదర్శనము. అయితే అభిమానులు రాయల కొలువును ఏ కొలమానముతో కొలిచిరి? ఇది గమనింపదగినది. 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’ యందును, 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’ యందును రాయల పాత్రను ధరించినవాడు నందమూరి తారకరామారావు. అందుచేత 1991లో ఆయన కుమారుడు కిరీటము ధరించి నిలిచినపుడు అభిమానులు తండ్రితో కుమారుని పోల్చిచూచిరి. ఒక నటుని ఠీవికి మరియొక నటుని ఠీవి ప్రమాణమైనది. రాయలెట్లుండెననుటకు రాయలే ప్రమాణము కావలెనను తలంపు ఆ ఆనందమున మరుగునపడినది.

రాయలను గూర్చిన ప్రత్యక్షసాక్ష్యము లేకపోలేదు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆయన మధ్యమమైన యెత్తు గలవాడనియు, తెల్లని మేనిఛాయ గలవాడనియు, ముఖమున స్ఫోటకపు మచ్చలున్నవనియు వ్రాసినాడు. పేస్, నూనిజ్ అను ఇరువురి రచనలను రాబర్టు స్యూయెల్ 1900లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ఆ మచ్చల ముఖము మన ప్రేక్షకుల మనస్సులో లేదు. వెండితెర దానిని తుడిచివేసినది.

1526వ సంవత్సరమును గూర్చి కూడ కొంత విచారింపవలసియున్నది. ఉత్తరదేశమున బాబరు పానిపట్టున ఇబ్రహీం లోడీని జయించిన యేడది. చిత్రమున ఆ సంవత్సరపు విజయనగరము నృత్యగానములతో వెలుగుచుండును. కాని వాస్తవమున అది రాయల జీవితమున శోకకాలము. ఆయన తన బాలుడైన తిరుమలరాయని పట్టాభిషిక్తుని గావించెను. 1524 నాటి శాసనములలో ఆ బాలుని పేరు కనబడుచున్నది. కొలదికాలమునకే బాలుడు మరణించెను. విషప్రయోగము జరిగినదను అనుమానముతో మహామంత్రి తిమ్మరుసును చెరయందుంచి కన్నులు తీయించినట్లు నూనిజ్ వ్రాసినాడు. 1529లో రాయలు కాలధర్మము చెందెను. తిమ్మరుసు కథ 1962 నాటి చిత్రము వలన తెలుగువారికి సుపరిచితమే. అయినను, 1526 నాటి కొలువున ఆ దుఃఖపు నీడ యేదియని అడిగినవారు అరుదు. తెనాలి రామకృష్ణుని కాలమును గూర్చి పండితులలో వాదములున్నవి. ఆయన పాండురంగమాహాత్మ్యము రాయలకు గాక విరూరి వేదాద్రి మంత్రికి అంకితమైనది. ఈ విషయమును కూడ ప్రేక్షకులు పట్టించుకొనలేదు.

ఇందుకు ప్రేక్షకుల అలసతయే కారణమందుమా? అట్లనుటకు వీలులేదు. 2024 జూన్ 27న నాగ్ అశ్విన్ దర్శకత్వమున విడుదలయిన ‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రము దీనికి ప్రత్యుదాహరణము. భవిష్యత్తును చిత్రించు ఆ కథయందు కురుక్షేత్ర ఘట్టమొకటి యున్నది. విజయ్ దేవరకొండ అర్జునుడుగాను, ప్రభాస్ కర్ణుడుగాను, అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగాను కనబడిరి. ఆ ఘట్టము వెలువడినంతనే కర్ణుడధికుడా, అర్జునుడధికుడా యని అభిమానులు తీవ్రముగా వాదించుకొనిరి. దూరదర్శన్ ‘మహాభారత్’ ధారావాహికలో భీష్మపాత్ర ధరించిన ముకేశ్ ఖన్నా అశ్వత్థామ శిరోమణి ఘట్టము వ్యాసుని కథకు విరుద్ధమని బహిరంగముగా ఆక్షేపించెను. తెలుగిండ్లలో తిక్కన సౌప్తికపర్వము మరల ప్రసంగమునకు వచ్చుటకు తగిన సందర్భమది.

ఈ రెండు చిత్రముల అనుభవమును ప్రక్కప్రక్కన నుంచినచో ఒక సత్యము స్పష్టమగును. భారతకథ విషయమున ప్రేక్షకుని చేతిలో గ్రంథమున్నది, బాల్యమున విన్న పురాణమున్నది, హరికథయున్నది. కావున తెరమీది మార్పును అతడు వెంటనే పసిగట్టి ప్రశ్నింపగలిగెను. చరిత్ర విషయమున అతని చేతిలో ఉన్నది పూర్వపు చిత్రమే. ఒక చిత్రమును మరియొక చిత్రముతో సరిచూచుకొనువాడు తప్పును కనుగొనజాలడు. లోపము ప్రేక్షకుని బుద్ధియందు లేదు. ఆధారములు అతని యింటికి చేరకపోవుటయందున్నది.

ఈ లోపము వర్తూరు వంటి చోట మరింత ముఖ్యమైనది. ఇచటి తెలుగువారు కన్నడిగుల పొరుగున జీవించుచున్నారు. ఆ పొరుగువారికిని ఒక రాయలు కలడు, 1970లో బి. ఆర్. పంతులు నిర్మించిన కన్నడ చిత్రమున రాజ్‌కుమార్ ఆ పాత్రను ధరించెను. ఒకరికి ఆంధ్రభోజుడు, మరియొకరికి కన్నడరాజ్య రమారమణుడు. ఈ రెండు బిరుదులును ఒక్కనివే. తెలుగున ఆముక్తమాల్యదను రచించిన ఆ ప్రభువు శాసనములు తెలుగు, కన్నడ, తమిళ, సంస్కృత భాషలలో కలవు. తెరమీది రాయలను పట్టుకొని వాదించినచో ఇరుగుపొరుగుల నడుమ స్పర్ధ మిగులును. శాసనములలోని రాయలను చదివినచో ఇరువురికిని చెందిన ఉమ్మడి వారసత్వము కనబడును.

కాలయంత్రము 1526లో ఈ ప్రాంతమున దిగియుండినచో ఏమి చూచెడిదో ఊహింపవచ్చును. కెంపెగౌడ కట్టించిన బెంగళూరు మట్టికోటకు సంప్రదాయము చెప్పు సంవత్సరము 1537. అనగా అప్పటికి ఆ కోట లేదు. కాని బెంగళూరు అను పేరు అప్పటికే పాతది: సుమారు 890 నాటి బేగూరు వీరగల్లు కన్నడమున ‘బెంగళూరు’ యుద్ధమును పేర్కొనుచున్నది. బి. ఎల్. రైస్ 1905లో ఈ జిల్లా శాసనములను ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ తొమ్మిదవ సంపుటముగా ప్రకటించెను. ఇట్టి శిలలను చూచుటకు కాలయంత్రముతో పనిలేదు. నగరవాసికి ఒక్క ఆదివారము చాలును.

వర్తూరు చెరువు సంగతియు నట్టిదే. పొలములకు నీరిచ్చిన ఆ పెద్దచెరువు నగరపు మురుగునీటితో నిండి, 2015లో తెల్లని నురుగును వీథులమీదికి ఎగజిమ్మి దేశమంతట వార్తలకెక్కినది. ఆపై పూడికతీత పనులు చేపట్టబడినవి. పూర్వులు కట్టిన చెరువును కోల్పోవుట చరిత్రలో ఒక పుటను కోల్పోవుటయే. తెరమీద విజయనగర వజ్రము దొంగల పాలగునేమోయని ఆందోళనపడిన ప్రేక్షకుడు తన యూరి శిలను గూర్చియు, చెరువును గూర్చియు అంతటి ఆందోళన పొందవలసియున్నది.

‘ఆదిత్య 369’ తెలుగు బాలురకు విజయనగరముపై ఆసక్తి కలిగించినది. అది చిన్న సేవ కాదు. కాని ఆసక్తి కలిగించుట చలనచిత్రము పని. దానిని జ్ఞానముగా మార్చుట పెద్దల పని, సంఘముల పని. చిత్రము చూచి వచ్చిన బాలుడు “రాయలు నిజముగా ఇట్లే యుండెనా?” అని అడిగినపుడు, పేస్ వ్రాతను చదివి వినిపింపగలవారు, బేగూరి శిలయొద్దకు తీసికొనిపోగలవారు ఇంటింట నుండవలెను. భారతమును గూర్చి తెలుగు ప్రేక్షకుడు అడుగగలిగిన ప్రశ్నను చరిత్రను గూర్చియు అడుగగలిగిననాడు, రాయల కొలువు కాలయంత్రము లేకయే అతనికి దర్శనమిచ్చును.