పాటకు బొమ్మ కట్టిన విద్యార్థులు

మన సంఘం ఉగాది సంచికకు పెద్దలు ప్రతి యేటా శాతవాహనులను గురించి, కాకతీయులను గురించి, షోలాపురానికి మగ్గాలు నేయ వచ్చిన మన పూర్వులను గురించి వ్రాస్తూ వచ్చినారు. అవి చదివి పెరిగినవాణ్ణి నేను. ఈ యేడు నేను వ్రాయబూనిన చరిత్ర అంత పాతది కాదు, రాజులదీ కాదు. పాటకు కంటికి కనబడే రూపం ఇచ్చిన కొందరు విద్యార్థులది. రైల్వే గూడ్సు ఆఫీసులో రసీదులు వ్రాసుకొనే మెట్రిక్యులేటుకు ఈ సంగతులతో పని యేమిటని పాఠకులు అడుగవచ్చు. ఆ పని మా యింట్లోనే పడినది.

నాయన పోయిన తరువాత నాకు రైల్వేలో నౌకరీ దొరికినది. నా చదువు అక్కడితో ఆగినది. తమ్ముడి చదువు మాత్రం ఆగరాదని అమ్మ పట్టుబట్టినది. వాడు చిత్రకళ చదువుతున్నాడు. నిరుడు వాడూ, తోటి విద్యార్థులు నలుగురూ కలిసి పరీక్షకోసం ఒక పాప్ పాట కట్టి, దానికి వీడియో తీసి, ఆల్బమునకు ముఖచిత్రం గీయవలసి వచ్చినది. మూతబడిన ఒక మగ్గాల షెడ్డులో మూడు రాత్రులు తీయదలచినారు. లైట్ల అద్దెకు, తిండికి నన్ను ఎనిమిది వేలు అడిగినాడు. "ఇదేనా చదువంటే?" అని గద్దించినాను.

డబ్బుకన్న నా మనస్సును నొప్పించినది మరొకటి ఉన్నది. వాడు చూపిన ముఖచిత్రంమీద తన పేరును కుదించి రెండక్షరాలు చేసి, ఇంటిపేరు పూర్తిగా తీసివేసినాడు. మూడు తరాలుగా ఊరుగాని ఊరిలో, భాషగాని భాష నడుమ నిలుపుకొన్న ఇంటిపేరు అది. ఆస్తి యేమీ లేనివారికి అదే ఆస్తి.

వాడు ఎదురు చెప్పలేదు. మర్నాడు నేను రాత్రి డ్యూటీకి పోతుంటే ఒక పుస్తకం నా సంచిలో పెట్టి, "అన్నా, మన పాంచగణిలో చదివిన పిల్లవాడి కథ ఇందులో ఉన్నది, చదువు" అన్నాడు. చదివినాను. తరువాత మరికొన్ని తెప్పించుకొని చదివినాను. అందులోని సారమే ఈ వ్యాసం.

మొదట ఆల్బం అనే మాట సంగతి చెప్పాలి. గ్రామఫోను తొలి రోజులలో ఒక రికార్డుకు ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాల పాట మాత్రమే పట్టేది. పెద్ద సంగీతం అమ్మాలంటే కొన్ని రికార్డులను కలిపి, ఫోటోల పుస్తకంవలె కుట్టిన అట్టలో పెట్టి అమ్మేవారు. దానికే ఆల్బం అని పేరు. ఆ అట్టలు వట్టి గోధుమరంగువో, బూడిదరంగువో. పైన పేరు తప్ప మరేమీ ఉండదు. 1940లో అమెరికాలో కొలంబియా కంపెనీలో పనిచేస్తున్న అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువకుడు ఇది చూచి సహించలేకపోయినాడు. వయస్సు ఇరవై మూడేళ్లు. న్యూయార్కులో ఒక నాటకశాల ముందుండే దీపాల బోర్డుమీద ఆల్బం పేరు పెట్టించి, ఫోటో తీయించి, దానిని అట్టమీద అచ్చువేయించినాడు. అది మొదలు రికార్డు కొనేవాడు పాట వినకముందే దాని ముఖం చూడటం నేర్చినాడు.

తరువాతి కథ ఇంగ్లండుది. అక్కడ 1962లో వచ్చిన విద్యాచట్టం ప్రకారం పై చదువులకు పోయే విద్యార్థులకు ఫీజుతోపాటు బ్రతుకుతెరువుకు కూడా ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. కూలినాలి చేసుకొనేవారి పిల్లలు సైతం చిత్రకళాశాలలలో చేరగలిగినారు. బొమ్మలు గీయడానికి చేరినవారిలో చాలమంది పాటగాళ్లయినారు. లండనులోని ఈలింగ్ చిత్రకళాశాలలో పీట్ టౌన్‌షెండ్ ఆ విధంగా చదివినవాడే. గ్రాంటు ఇచ్చిన ప్రభుత్వం పాటగాళ్లను తయారుచేయాలని అనుకోలేదు. ఆ పిల్లలకు కావలసినది కొంత తీరిక, ఒక గది, తమవంటి మరి నలుగురు. అవి దొరికినవి.

1970లో రోలింగ్ స్టోన్స్ అనే పేరుపొందిన బృందంవారు తమ పర్యటనకు ఒక పోస్టరు గీయగల విద్యార్థి కావాలని లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌ను అడిగినారు. కాలేజీవారు జాన్ పాష్ అనే విద్యార్థిని చూపించినారు. పోస్టరు అయిన తరువాత, బృందం స్వంతంగా పెట్టుకొన్న రికార్డు కంపెనీకి ఒక గుర్తు కావాలని గాయకుడు మిక్ జాగర్ అడిగి, నాలుక చాచిన కాళికాదేవి బొమ్మను చూపినాడు. మన యింటి గోడకు వ్రేలాడే కేలండరు బొమ్మవంటిదే. దానిని చూచి పాష్ ఎర్రని పెదవులు, బయటకు చాచిన నాలుక గీసినాడు. అతనికి ముట్టినది 50 పౌండ్లు. రెండేండ్ల తరువాత మెచ్చుకొని మరో 200 పౌండ్లు ఇచ్చినారు. 1971లో వెలువడిన ఆల్బం మొదలు ఆ గుర్తు ప్రపంచమంతా తిరిగినది. 2008లో ఆ మొదటి బొమ్మను లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలవారు కొని భద్రపరచినారు. విద్యార్థి చేసిన పని గనుక చౌక అనుకొనేవారికి ఇది గుణపాఠం.

ఇక పాంచగణి పిల్లవాడి సంగతి.

బొంబాయినుండి సూరతు పోయే దారిలో వల్సాడు అనే స్టేషను ఉన్నది. దానికి పూర్వం పేరు బుల్సార్. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా కలిగిన పార్సీ కుటుంబం ఒకటి ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న జాంజిబారు దీవికి వలసపోయినది. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు క్రొత్త కాదుగదా. తండ్రి బోమీ బుల్సారా అక్కడి హైకోర్టులో కేషియరు. అనగా మావంటి ఉద్యోగియే. 1946వ సంవత్సరం సెప్టెంబరు 5వ తేదీన ఆయనకు పుట్టిన కుమారుడు ఫరూఖ్. ఎనిమిదేండ్ల ప్రాయంలో ఆ పిల్లవాణ్ణి సముద్రం దాటించి, మన మహారాష్ట్రలో సతారా జిల్లా పాంచగణిలోని సెయింట్ పీటర్స్ పాఠశాలలో చేర్చినారు. అక్కడ పియానో నేర్చినాడు. తోటి పిల్లలతో కలిసి హెక్టిక్స్ అనే చిన్న బృందం కట్టినాడు. తోటివారు పిలిచిన ఫ్రెడ్డీ అనే పేరు అక్కడే అంటుకొన్నది.

1964లో జాంజిబారులో విప్లవం వచ్చినది. ఆ కుటుంబం ఉన్నదంతా వదలి లండను శివార్లలోని ఫెల్తం చేరినది. కుర్రవాడు సెలవులలో విమానాశ్రయంలోనూ, గిడ్డంగిలోనూ పనిచేసినాడు. 1966లో ఈలింగ్ చిత్రకళాశాలలో చేరి, 1969లో డిప్లొమా పుచ్చుకొన్నాడు. సాటి విద్యార్థి టిమ్ స్టఫెల్ ద్వారా స్మైల్ అనే బృందంతో పరిచయమైనది. అందులో భౌతికశాస్త్రం చదివే బ్రయన్ మే ఉన్నాడు. దంతవైద్యం చదవబోయి మానిన రోజర్ టేలర్ ఉన్నాడు. బ్రయన్ వాయించే గిటారు తండ్రితో కలిసి ఇంటివద్ద పాత కొయ్యతో చేసికొన్నది. 1970లో స్టఫెల్ తప్పుకొన్నాడు, ఫ్రెడ్డీ చేరినాడు. బృందానికి క్వీన్ అని పేరు పెట్టినాడు. మరుసటి యేడు ఎలక్ట్రానిక్స్ విద్యార్థి జాన్ డీకన్ వచ్చి నలుగురైనారు. ఆ రోజులలో ఫ్రెడ్డీ, రోజర్ కలిసి కెన్సింగ్టన్ బజారులో పాతబట్టల దుకాణం నడిపి పొట్టపోసికొన్నారు. మొదటి ఆల్బమును స్టూడియో ఖాళీగా ఉన్న వేళలలో, ఇతరులు ఇళ్లకు పోయిన తరువాత, రికార్డు చేసికొన్నారు. అది 1973లో వెలువడినది.

ఫ్రెడ్డీ చదివిన చిత్రకళ అప్పుడు అక్కరకు వచ్చినది. బృందానికి అతడే ఒక రాజముద్ర గీసినాడు. ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేసే మనకు ఆ ముద్ర సులభంగా బోధపడుతుంది. పాశ్చాత్యుల లెక్క ప్రకారం నలుగురిలో ఇద్దరిది సింహరాశి, ఒకరిది కర్కాటకం, ఫ్రెడ్డీది కన్య. కాబట్టి రెండు సింహాలు, ఒక ఎండ్రకాయ, ఇద్దరు దేవకన్యలు. నడుమ కిరీటంతో బృందం పేరులోని మొదటి అక్షరం. పైన రెక్కలు విప్పిన పక్షి. నాలుగు రాశులవారు ఒక్క గొడుగు క్రిందికి వచ్చినారన్నమాట. 1975లో వారి నాలుగవ ఆల్బం వచ్చినప్పుడు తెల్లని అట్టమీద ఈ ముద్రయే రంగులు దిద్దుకొని నిలిచినది.

ఆ ఆల్బంలోని బొహీమియన్ రాప్సడీ అనే పాటను 1975 అక్టోబరు 31న విడిగా విడుదల చేసినారు. దాని నిడివి ఇంచుమించు ఆరు నిమిషాలు. రేడియోవారు మూడు నిమిషాల పాటలకు అలవాటుపడినవారు. కంపెనీవారు జంకినారు. టెలివిజనులో పాడి చూపుదామంటే, అందులోని ఒక భాగంలో గొంతులు ఒకదానిమీద ఒకటిగా ఎన్నోసార్లు రికార్డు చేసినవి. నలుగురు వేదికమీద నిలబడి పాడలేరు. పైగా ఊరూరా కచేరీలకు బయలుదేరవలసి ఉన్నది. అందుచేత తాము రాకపోయినా తమ బొమ్మ వెళ్లేటట్లు ఏర్పాటు చేసికొన్నారు. నవంబరు 10వ తేదీన, కచేరీకి సాధన చేస్తున్న ఎల్‌స్ట్రీ స్టూడియోలోనే, బ్రూస్ గవర్స్ అనే దర్శకుడు సుమారు నాలుగు గంటలలో చిత్రీకరణ ముగించినాడు. ఖర్చు ఐదువేల పౌండ్లకు లోపే.

అందులో చీకటిలో నాలుగు ముఖాలు పైకెత్తి ఉన్న దృశ్యం ప్రసిద్ధం. అది అంతకుముందు, 1974లో, వారి రెండవ ఆల్బం అట్టకు మిక్ రాక్ అనే ఫోటోగ్రాఫరు తీసిన బొమ్మ. ఆ బొమ్మకు ప్రేరణ 1932నాటి షాంఘై ఎక్స్‌ప్రెస్ అనే చిత్రంలోని నటి మార్లీన్ డీట్రిచ్ ఫోటో. రైలుబండి కథతో తీసిన సినిమాలోని తార ఫోటో నుండి ఆల్బం అట్ట, ఆల్బం అట్టనుండి వీడియో పుట్టినవని తెలిసి రైల్వేవాడినైన నాకు చెప్పలేని సంతోషం కలిగినది.

ఒకే ముఖం అనేకంగా కనబడటానికి కెమెరా ముందు పలకలు దీరిన గాజు పెట్టినారు. ఒక ముఖం వెనుక మరొకటి తరిగిపోతూ దూరం సాగటానికి కెమెరాను దాని బొమ్మే చూపుతున్న టెలివిజను వైపు త్రిప్పినారు. మంగలిషాపులో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చుంటే మనకు కనబడేది అదే. గొప్ప యంత్రాలేమీ లేవు.

నవంబరు 20న బి.బి.సి.వారు దానిని చూపినారు. ఆ పాట ఇంగ్లండులో తొమ్మిది వారాలు అగ్రస్థానంలో నిలిచినది. పాటకు సినిమా తీయడం ఇదే మొదటిసారి కాదు. బీటిల్స్ బృందంవారు 1966లోనే తీసినారు. కాని పాట అమ్మకానికి వీడియో తప్పనిసరి అని కంపెనీలన్నిటికీ తెలిసివచ్చినది దీనితోనే అని చాలమంది అంటారు. 1981 ఆగస్టు 1న అమెరికాలో కేవలం పాటల వీడియోలకే ఎం.టి.వి. అనే ఛానలు మొదలైనది. ఈనాడు మన పిల్లలు చేతిలోని ఫోనుతో తీసే వీడియోకు తాతముత్తాతలు ఇవన్నీ.

వీడియో తీసేనాటికి ఆ నలుగురు విద్యార్థులు కారన్నది నిజమే. కాని ముద్ర గీయడానికి, బట్టలు కుదుర్చుకోవడానికి, వెలుగునీడలు ఎక్కడ పడాలో చెప్పడానికి ఫ్రెడ్డీకి వేరే మనిషి అక్కరలేకపోయినది. అది చదువు ఇచ్చిన చేవ. బ్రయన్ మే సగంలో వదలిన తన పరిశోధనను మళ్లీ చేపట్టి 2007లో డాక్టరు పట్టం పొందినాడు. పాట చదువును చెరుపలేదు. వాయిదా వేసినది, అంతే.

ఇక ఇంటిపేరు మాట. ఫరూఖ్ బుల్సారా 1970 ప్రాంతంలో ఫ్రెడ్డీ మెర్క్యురీగా పేరు మార్చుకొన్నాడు. మెర్క్యురీ అంటే మన బుధగ్రహం. బుల్సార్ అనే ఊరు ఆ పేరులోనుండి పోయినది. తన పుట్టుపూర్వోత్తరాలను గురించి బహిరంగంగా అతడు ఎక్కువ మాట్లాడలేదు కూడా. కాని 1991 నవంబరు 24న కాలంచేసినప్పుడు అతని అంత్యక్రియలు జరిపినది పార్సీ పురోహితులే. తల్లిదండ్రులు బుల్సారాలుగానే ఉన్నారు. ఇది చదివిన రాత్రి గూడ్సు ఆఫీసులో నేను చాలసేపు ఊరకే కూర్చున్నాను. పేరు విడిచినవాడు అంతా విడిచినట్లా? పేరు ఉంచుకొన్నవాడు అంతా ఉంచుకొన్నట్లా? నా ఇంటిపేరు నా బ్యాడ్జీమీద ఉన్నది. మా తాత నేసిన నేత నాకు రాదు.

తెల్లవారి ఇంటికి పోయి తమ్ముడికి డబ్బు ఇచ్చినాను. ఎనిమిది కాదు, ఆరు వేలు. నావద్ద ఉన్నది అంతే. రెండవ రాత్రి షెడ్డుకు టిఫిను తీసికొని పోయి చూచినాను. ఐదుగురిలో ఇద్దరు మరాఠీ పిల్లలు, ఒక కన్నడం అమ్మాయి. లైట్లు కట్టేందుకు పాత మగ్గపు కొయ్యలను వాడుకొంటున్నారు. ఒక పిల్లవాడు నన్ను "అన్నా" అని తెలుగులోనే పిలిచి, వైరు పట్టుకోమన్నాడు. తెల్లవారేదాక పట్టుకొన్నాను.

వీడియో పూర్తి అయినది. ముఖచిత్రంమీద వాడి పేరు ఆ రెండక్షరాలే. అది నాకు ఇప్పటికీ నచ్చలేదు, వాడితో చెప్పినాను. కాని బొమ్మలో నాడె ఒకటి ఉన్నది, మా తాతది, అమ్మ పెట్టెలోనుండి తీసి చూచి గీసినది. వీడియో చివర పనిచేసినవారి పేర్లు వస్తాయి. అక్కడ వాడి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో, తెలుగు అక్షరాలలో ఉన్నది. దాని క్రింద వైరు పట్టినవాడి పేరు కూడా వేసినాడు.

ఈ ఉగాదికి మన యిండ్లలో పిల్లలు ఎవరైనా ఫోను, లైటు పట్టుకొని గుమికూడితే, గద్దించే ముందు ఒక్కసారి వారివద్ద కూర్చుని చూడవలసినదిగా పెద్దలకు నా మనవి. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.