పాత లాప్‌టాప్‌లో విండోస్ మాడ్ టూల్స్: లినక్స్‌లో నడిపే దారి, తయారు చేసే దారి

తమిళనాడు ప్రభుత్వ ఉచిత లాప్‌టాప్ పథకం 2011 సెప్టెంబర్ 15న మన తిరువళ్లూరు దగ్గరి కాకళూరులోనే మొదలైంది. అప్పట్లో ఇచ్చిన లాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉండేది. విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. తిరువళ్లూరు, తిరుత్తణి ఇళ్లలో మూలనపడ్డ పాత లాప్‌టాప్‌ను మళ్లీ వాడాలంటే కొత్త బాస్ గానీ, దానికి మూలమైన డెబియన్ గానీ వేసుకోవడం మేలు. ఆటల్లో బొమ్మలు, మాటలు మార్చే మాడ్ టూల్స్ మాత్రం ఎక్కువగా విండోస్‌కే వస్తాయి. వాటికి రెండు దారులున్నాయి.

నడపడం: తయారైన ఈఎక్స్ఈ ఫైలు మాత్రమే చేతిలో ఉంటే వైన్ వాడాలి. 1993లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్ ప్రోగ్రాము అడిగే పనులను లినక్స్ పనులుగా మార్చి చేయిస్తుంది. పాత టూల్స్ చాలావరకు 32 బిట్‌వి కాబట్టి 32 బిట్ వైన్ కూడా వేసుకోవాలి. ఆట ఏ వైన్ ఫోల్డరులో ఉందో టూల్‌నూ అందులోనే నడపాలి. లేకుంటే ఆట ఎక్కడుందో దానికి కనబడదు. మాడ్‌తో వచ్చిన డీఎల్ఎల్ పనిచేయకపోతే, వైన్ సెట్టింగులలో తన సొంతదానికి బదులు దాన్నే వాడమని చెప్పాలి. వాల్వ్ సంస్థ 2018లో తెచ్చిన ప్రోటాన్ కూడా వైన్ మీద కట్టిందే. అయితే దానికి వల్కన్ ఉన్న గ్రాఫిక్స్ కావాలి. చాలా పాత యంత్రాల్లో అది ఉండదు.

తయారు చేయడం: టూల్ సోర్సు కోడు దొరికితే, మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 కంపైలరుతో లినక్స్‌లోనే విండోస్ ఈఎక్స్ఈ తయారు చేయవచ్చు. మొదట తగిలే చిక్కులు మూడు. లినక్స్‌కు పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు కాబట్టి హెడరు ఫైళ్ల పేర్లు సరిచూడాలి. స్టాటిక్‌గా లింకు చేయకపోతే కంపైలరు డీఎల్ఎల్‌లనూ వెంట ఇవ్వాలి. విజువల్ సీ ప్లస్ ప్లస్‌తో కట్టిన ఆటలోకి సీ ప్లస్ ప్లస్ క్లాసులు నేరుగా కలవవు. సీ భాష ఫంక్షన్ల ద్వారానే కలపాలి.

జాగ్రత్తలు: ముందుగా ఆట ఫోల్డరుకు నకలు తీసి పెట్టుకోవాలి. మోసాన్ని పట్టే వ్యవస్థ ఉన్న ఆన్‌లైన్ ఆటల్లో మాడ్ వేస్తే ఖాతా నిలిపివేయవచ్చు.

బడిలో తెలుగు చదివే వీలులేని మన పిల్లలకు, ఇష్టమైన ఆటలో మాటలను తెలుగులో పెట్టుకోవడం మంచి అభ్యాసం. దానికి ఫాంటు ఒక్కటే చాలదు. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ వంటి ఏర్పాటు ఆటలో లేకపోతే ఒత్తులు విడిపోతాయి. అలాంటి ఆటలో తెలుగు పదాలను బొమ్మలుగా గీసి పెట్టడమే తేలిక. ఒక మెనూతో మొదలుపెట్టమని మా సలహా.