వేవిళ్లకు వాడిన రెండు మందుల చరిత్ర

గర్భిణులకు వేవిళ్లు క్రొత్తవి కావు. మా యింటి ముసలమ్మలు శొంఠి, పేలాలు, నిమ్మకాయ పెట్టి ఆ దినములను గడపించెడివారు. వానివలన మేలెంత కలిగెనో చెప్పజాలను గాని, కీడు కలిగినట్లు నేను వినలేదు. ఇరువదవ శతాబ్దమున ఈ బాధకు మాత్రలు వచ్చినవి. వానిలో రెండింటి చరిత్రను నేడు మీకు విన్నవింతును. ఒకటి నిరపాయమని పేరుపొంది వేలకొలది శిశువులను వికలాంగులను చేసినది. రెండవది నిరపాయమై యుండియు నిందపడి అంగడినుండి తొలగినది.

మొదటిది థాలిడమైడు. 1957 అక్టోబరు 1వ తేదీన పశ్చిమ జర్మనీలో 'కాంటర్గాన్' అను పేర అమ్మకమునకు వచ్చెను. నిద్రకొఱకు పుట్టిన మందే యైనను, వికారమును గూడ అణచునని తెలిసి గర్భిణులకును ఇయ్యసాగిరి. ఎలుకలకు ఎంత పెట్టినను అవి చావలేదు గనుక ఇది నిరపాయమని తయారుచేసినవారు చాటిరి. ఈ తర్కములోని లోపమును గమనింపుడు. మందు తిన్న ప్రాణి చావకుండుట వేఱు. దాని కడుపులోని పిండమునకు హాని కలుగకుండుట వేఱు. ఆ రెండవ సంగతిని వారు సరిగా పరీక్షింపలేదు.

1960 సెప్టెంబరులో ఈ మందును అమెరికాలో అమ్ముటకు మెర్రెల్ అను సంస్థ అనుమతి కోరెను. ఆ దరఖాస్తు, ప్రభుత్వపు ఔషధశాఖలో అప్పుడే చేరిన ఫ్రాన్సిస్ కెల్సీ అను వైద్యురాలి చేతికి వచ్చెను. చూపిన ఆధారములు చాలవని ఆమె చెప్పెను. ఇంతలో, ఈ మాత్రలను చాలకాలము మ్రింగినవారికి కాలుసేతులు తిమ్మిరి యెక్కుచున్నవని బ్రిటిషు వైద్యపత్రికలో వెలువడిన యొక లేఖ ఆమె కంటబడెను. పెద్దవారి నరములను చెఱచునది పిండమునేమి చేయునో చూపుడని ఆమె యడిగెను. సంస్థవారు ఎంత ఒత్తిడి చేసినను ఆమె చలింపలేదు.

1961 చివర హాంబర్గు నగరమున విడుకిండ్ లెంట్స్ అను శిశువైద్యుడును, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ అను ప్రసూతి వైద్యుడును, కాలుసేతులు కుఱుచబడి పుట్టుచున్న శిశువులకు ఈ మందే కారణమని వేఱువేఱుగా ప్రకటించిరి. గర్భము నిలిచిన 20వ దినము మొదలు ఇంచుమించు 36వ దినమువఱకు పిండమునకు అవయవములు మొలకెత్తును. వేవిళ్లు మొదలగునదియు సుమారుగా ఆ దినములలోనే. కావుననే తల్లి ఉపశమనమునకై మ్రింగిన మాత్ర బిడ్డ కాలుసేతులపై పడెను. ఆ నవంబరులో జర్మనీలో మందును తొలగించిరి. అప్పటికే ఎన్నో దేశములలో, మొత్తము పదివేలకు పైగా శిశువులు దెబ్బతినియుండిరని అంచనా. అమెరికాలో 1962లో ఔషధ శాసనమును కఠినము చేసిరి.

రెండవ మందు బెండెక్టిన్. ఇదియు మెర్రెల్ వారిదే, 1956లో వచ్చినది. వైద్యుని చీటిపై కోట్లకొలది గర్భిణులు వాడిరి. నిద్రమత్తు దీని ముఖ్యమైన దుష్ఫలితము. థాలిడమైడు భయము లోకమును పట్టిన పిమ్మట, లోపముతో బిడ్డ పుట్టిన తల్లులు కొందఱు దీనిని నిందించి న్యాయస్థానముల కెక్కిరి. వారి దుఃఖము నిజమైనది. కాని ఏ మందును వాడకున్నను నూటికి ఇద్దఱు ముగ్గురు శిశువులు ఏదో యొక లోపముతో పుట్టుదురు; కోట్లమంది వాడిన మందు వాడుకలో అట్టివారు వేలకొలది కనబడుట సహజము. కనుక వాడినవారిని వాడనివారితో పోల్చి చూడవలెను. అట్లు చూడగా భేదము కనబడలేదు. అయినను వ్యాజ్యముల భారమునకు తాళలేక 1983లో సంస్థ దానిని మానివేసెను. తరువాత అమెరికాలో తీవ్రమైన వాంతులతో ఆస్పత్రులు చేరిన గర్భిణుల సంఖ్య పెరిగెను. అవే ద్రవ్యముల కూర్పును 2013లో అక్కడి ప్రభుత్వము మరల అనుమతించెను.

థాలిడమైడు కథయు అంతతో ముగియలేదు. కుష్ఠురోగములో వచ్చు ఒక తీవ్రమైన వికృతికి అది పనికివచ్చునని తేలి, 1998లో అమెరికాలో కఠిన నిబంధనలతో అనుమతి పొందెను. గర్భిణికి మాత్రము అది నేటికిని నిషిద్ధమే.

పెద్దలారా! మీ మాట మీ యిండ్లలో చెల్లును గనుక మీకీ మనవి. ప్రకటనను నమ్మి మందు మ్రింగుట యెంత ప్రమాదమో, వదంతిని నమ్మి మంచి మందును త్రోసివేయుటయు అంత నష్టమే. కోడలు వేవిళ్లతో బాధపడునపుడు అంగడివాని మాటపై మాత్ర తేకుడు. వైద్యునికి నెలలు చెప్పి అడుగుడు. మందు వేసికొన్న పిమ్మట తిమ్మిరి గాని, మత్తు గాని, మఱేదైన మార్పు గాని కనబడిన, చిన్నదని దాచక చెప్పుడు. మనదేశమున 2010 నుండి ఇట్టి దుష్ఫలితములను సేకరించు ఏర్పాటు కలదు; రోగులును దానికి తెలుపవచ్చును. కెల్సీకి తెలివి నిచ్చినది తిమ్మిరినిగూర్చిన చిన్న లేఖయే. ఆమె 101వ యేట, 2015లో కన్నుమూసెను. ఆమె సంశయించుటవలన కాలుసేతులతో పుట్టినవారెందఱో లెక్కించుట యెవరి తరము?