వంటవాళ్ల యూనియన్ నుంచి బెటాలియన్ భార్యల ధర్నా దాకా: యూనిఫాం ఉద్యోగులకు బేరసారాల హక్కు ఎక్కడుంది?

సికింద్రాబాద్, హైదరాబాద్ సైనిక కేంద్రాల్లో పనిచేసే వంటవాళ్లు, కాపలాదారులు, లస్కర్లు, క్షురకులు, వడ్రంగులు, మెకానిక్‌లు, బూట్లు కుట్టేవాళ్లు, దర్జీలు ఒకప్పుడు యూనియన్లు పెట్టుకున్నారు. వాళ్లెవరూ తుపాకీ పట్టే సైనికులు కారు, సివిల్ ఉద్యోగులు. ఆ యూనియన్లు చెల్లవని సైనిక కేంద్రాల కమాండెంట్లు ప్రకటించారు. యూనియన్ నాయకులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లి ఓడిపోయారు. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఊస్ కుటిలింగల్ అచ్యుతన్ నాయర్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1975 నవంబర్‌లో తీర్పు వచ్చింది. అక్కడా ఓడిపోయారు.

కోర్టు చెప్పిన కారణం ఇది: వీళ్లు యుద్ధం చేయకపోవచ్చు. అయినా సైన్యం ఎక్కడికి కదిలితే అక్కడికి వెంట వెళ్లాల్సినవాళ్లు, వీళ్ల పని లేకుండా సైన్యం నడవదు. కాబట్టి రాజ్యాంగంలోని 33వ ఆర్టికల్ ప్రకారం వీళ్లు కూడా సాయుధ దళాల సభ్యులే, వీళ్ల సంఘం హక్కును తగ్గించవచ్చు.

తీర్పు వాళ్ల ఉద్యోగ హోదా గురించే మాట్లాడింది, కులం గురించి కాదు. అయినా బూట్లు కుట్టడం, క్షవరం చేయడం, కాపలా కాయడం అనే పనుల జాబితా చదివితే మన సమాజంలో ఆ పనులు ఏయే వాడల నుంచి వస్తాయో వేరే చెప్పక్కర్లేదు. హక్కు అడిగిన రోజున వాళ్లు సైన్యంలో భాగమయ్యారు. సైనికుడి జీతం, సైనికుడి గౌరవం మాత్రం వాళ్లకు అంత తేలిగ్గా రాలేదు.

పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, హోంగార్డులు, జైలు ఉద్యోగుల సమష్టి బేరసారాల హక్కు గురించి చర్చ మొదలుపెట్టాలంటే ఈ సికింద్రాబాద్ కేసు దగ్గరే మొదలుపెట్టాలి.

చట్టం ఏమంటోంది?

రాజ్యాంగంలోని 19(1)(సి) ప్రతి పౌరుడికీ సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. సాయుధ దళాలకూ, శాంతిభద్రతలు కాపాడే దళాలకూ ఆ హక్కును తగ్గించే అధికారాన్ని 33వ ఆర్టికల్ పార్లమెంటుకు ఇచ్చింది. ఆ అధికారంతో వచ్చిందే 1966 నాటి పోలీసు దళాల హక్కుల పరిమితి చట్టం. దాని 3వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా పోలీసు ఏ కార్మిక సంఘంలోనూ, రాజకీయ సంఘంలోనూ చేరకూడదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఇక్కడ విద్యార్థులు గమనించాల్సిన మాట ఒకటుంది: "అనుమతి లేకుండా". అంటే చట్టం తలుపును పూర్తిగా మూయలేదు, తాళం చెవి మాత్రం ప్రభుత్వం చేతిలో పెట్టింది. ఢిల్లీలో నాన్ గెజిటెడ్ పోలీసుల సంఘానికి 1966లో గుర్తింపు వచ్చింది, ఆ తర్వాత పోయింది. గుర్తింపు ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1986లో తేల్చింది. నేడు రాష్ట్రాల్లో ఉన్న పోలీసు అధికారుల సంఘాలు వినతిపత్రం ఇవ్వగలవు, మంత్రిని కలవగలవు. వాళ్లతో కూర్చుని ఒప్పందానికి రావాలనే బాధ్యత మాత్రం ప్రభుత్వం మీద లేదు.

ఒకే స్టేషన్, ఎన్నో చట్టాలు

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో పది నిమిషాలు నిలబడితే ఈ తేడాలు కళ్లకు కడతాయి. టికెట్ కౌంటర్‌లోని గుమాస్తాకు, పట్టాలు చూసే ట్రాక్‌మన్‌కు యూనియన్ ఉంది. దక్షిణ మధ్య రైల్వేలో ఏ యూనియన్‌కు గుర్తింపు ఇవ్వాలో తేల్చడానికి 2007, 2013, 2024లలో రహస్య ఓటింగ్ జరిగింది. యాజమాన్యంతో క్రమం తప్పకుండా చర్చలు జరిపే శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం రైల్వేలో 1952 నుంచీ ఉంది.

అదే ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ రైల్వే రక్షణ దళం జవాను సంగతి వేరు. 1957 చట్టానికి 1985లో చేసిన సవరణతో ఆ దళం కేంద్ర సాయుధ దళమైంది, సంఘం హక్కుకు పరిమితులు వచ్చాయి. అతని పక్కనున్న రైల్వే పోలీసు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి, అతనికి 1966 చట్టం వర్తిస్తుంది. ముగ్గురూ కాపాడేది ఒకే ప్రయాణికుడిని. మాట్లాడుకునే హక్కు మాత్రం ఒకరికే.

మంటల్లోకి వెళ్లేవాళ్లు

సికింద్రాబాద్ ఏడాది కాలంలో మూడు పెద్ద ప్రమాదాలు చూసింది. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహార్ వలస కార్మికులు చనిపోయారు. 2022 సెప్టెంబర్ 12న రూబీ హోటల్ భవనంలో 8 మంది, 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు. పొగలోకి మొదట వెళ్లాల్సింది ఫైర్‌మన్. ముఖానికి ఊపిరి యంత్రం ఉందా, షిఫ్టులో తగినంత మంది ఉన్నారా, నిచ్చెన ఆ అంతస్తు దాకా అందుతుందా అనేవి అతని ప్రాణానికీ లోపల చిక్కుకున్నవాళ్ల ప్రాణానికీ సంబంధించిన ప్రశ్నలు. బేరసారాల బల్ల మీదికి రావాల్సిన అంశాలు ఇవే.

ఫైర్‌మన్ పోలీసు కాదు, చట్టం కూడా అతన్ని పోలీసుగా చూడలేదు. మునిసిపల్ అగ్నిమాపక విభాగం పరిశ్రమ నిర్వచనంలోకి వస్తుందని 1960లోనే నాగపూర్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పారిశ్రామిక వివాదాల చట్టం మొదటి షెడ్యూల్లో ఆ సేవ పేరు ఉండేది. కానీ తెలుగు రాష్ట్రాల్లో అగ్నిమాపక శాఖ ప్రభుత్వ శాఖ. అందుకే ప్రవర్తనా నియమాలు, అత్యవసర సేవల చట్టం అడ్డం వస్తాయి. ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో రంగరాజన్ కేసులో వచ్చిన తీర్పు ఆ గోడను ఇంకా ఎత్తు చేసింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ వైఖరి ఇంతకంటే సూటిగా ఉంది. 87వ ఒడంబడిక సైన్యం, పోలీసుల విషయాన్ని ఆయా దేశాల చట్టాలకు వదిలేసింది. ఫైర్, జైలు సిబ్బందిని ఆ మినహాయింపులో చేర్చలేదు. వాళ్ల సమ్మెను పరిమితం చేయవచ్చు, సంఘాన్ని కాదు. సమ్మెను ఆపితే దానికి బదులుగా నిష్పక్షపాతమైన, త్వరగా తేల్చే మధ్యవర్తిత్వం ఉండాలి. భారత్ 87, 98 ఒడంబడికలను ఇప్పటికీ ఆమోదించలేదు.

హోంగార్డు ఎవరు?

ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఎండలో నిలబడే హోంగార్డును కాగితం మీద 'స్వచ్ఛంద సేవకుడు' అంటారు. క్రమబద్ధ ఉద్యోగి కాదంటూనే, నెల మొత్తం పనిచేస్తే పోలీసు కనీస వేతనానికి సమానంగా భత్యం రావాలని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. తెలంగాణలో ఆ రోజువారీ భత్యం 2025 జనవరి నుంచి 921 రూపాయల నుంచి 1,000కి పెరిగింది. 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గోషామహల్‌లో జీతం ఆలస్యమైందన్న ఆవేదనతో ఒక హోంగార్డు ఒంటికి నిప్పంటించుకుని, కొన్ని రోజులకు చనిపోయాడు. బేరమాడే సంఘం లేని చోట ఒక మనిషి తన బాధను ఇలా ఒంటరిగా చెప్పుకోవాల్సి వచ్చింది.

భర్తల తరఫున భార్యలు

2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్లలో సెలవుల మార్పు మీద అసంతృప్తి బయటపడింది. ఇంటికి దూరంగా రోజుల తరబడి డ్యూటీలు వద్దని, 'ఏక్ పోలీస్' విధానం కావాలని అడిగారు. మొదట రోడ్డెక్కింది కానిస్టేబుళ్ల భార్యలు, పిల్లలను చంకనెత్తుకుని. 1966 చట్టం భర్తకు వర్తిస్తుంది, భార్యకు కాదు కదా! తర్వాత కానిస్టేబుళ్లూ బయటికి వచ్చారు. అక్టోబర్ 26న 39 మంది సస్పెండ్ అయ్యారు, మర్నాడు పది మందిని ఉద్యోగం నుంచి తీసేశారు. విచారణ లేకుండా తొలగించడానికి వీలిచ్చే 311(2)(బి)ని వాడారు.

పోలీసు శాఖలో పోస్టులు ఎక్కువగా ఉండేది కానిస్టేబుల్ స్థాయిలో. దళిత యువత రిజర్వేషన్‌తో ఎక్కువగా అడుగుపెట్టేదీ అక్కడే. కాబట్టి సంఘం లేకపోవడం వల్ల పడే దెబ్బ కూడా ముందు ఆ మెట్టు మీదే పడుతుంది.

అంబేడ్కర్ ఎటు నిలబడ్డారు?

1938లో బొంబాయి ప్రభుత్వం తెచ్చిన పారిశ్రామిక వివాదాల బిల్లు సమ్మెను నేరంగా మారుస్తోందని అంబేడ్కర్ శాసనసభలో ఎదిరించారు. ఆ ఏడాది నవంబర్ 7న జరిగిన సమ్మెలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ ముందు నిలిచింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉండగా 1943లో, యాజమాన్యాలు యూనియన్లకు తప్పనిసరిగా గుర్తింపు ఇవ్వాలనే బిల్లు పెట్టారు. 1947లో అది చట్టమైంది కానీ ఎన్నడూ అమల్లోకి రాలేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఇప్పుడు 51 శాతం మద్దతున్న యూనియన్‌ను చర్చలకు గుర్తించాలంటోంది. అయితే పోలీసు, జైలు ఉద్యోగులు ఆ కోడ్‌లోని 'వర్కర్' నిర్వచనం బయటే ఉన్నారు.

మనకు లాఠీ దెబ్బలు, వాళ్లకు యూనియనా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. 2021 జూన్‌లో అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత మహిళ ప్రాణం పోయింది. అమెరికాలో పోలీసు యూనియన్లు హింసకు పాల్పడ్డవాళ్లను కాపాడే ఒప్పందాలు చేసుకున్న ఉదాహరణలు ఉన్నాయి. అలాంటి యూనియన్ మనకొద్దు.

దక్షిణాఫ్రికా అనుభవం వేరు. 1989లో వర్ణవివక్ష పాలనలోనే, నిరసనకారుల మీద పోలీసు దాడిని గ్రెగరీ రాక్‌మన్ అనే నల్లజాతీయేతర 'కలర్డ్' అధికారి బహిరంగంగా ఖండించాడు. ఆ ఏడాదే పోలీసు, జైలు ఉద్యోగుల పౌరహక్కుల యూనియన్ పుట్టింది. తర్వాత ఆ దేశం పోలీసులకు బేరసారాల హక్కు ఇచ్చింది, సమ్మెకు బదులు మధ్యవర్తిత్వం పెట్టింది. 1999లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం సైనికుల సంఘంపై నిషేధాన్ని కూడా కొట్టేసింది. పైఅధికారి చెప్పిన తప్పుడు పనిని కాదనాలంటే కింది ఉద్యోగికి వెనక ఒక బలం ఉండాలి.

అందుకే దళిత ఉద్యమాలు గీత ఎక్కడ గీయాలో స్పష్టంగా చెప్పాలి. జీతం, సెలవు, పనిగంటలు, క్వార్టర్లు, భద్రతా పరికరాలు బేరసారాల్లోకి రావాలి. కస్టడీ హింస విచారణ, అట్రాసిటీ చట్టం కింద కేసులు ఏ ఒప్పందంలోనూ బేరానికి రాకూడదు. సంఘాల నాయకత్వంలో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు స్థానం ఉండాలి. సమ్మె నిషేధం ఉన్నచోట కాలపరిమితితో మధ్యవర్తిత్వం ఉండాలి. వీటిలో చాలావాటికి 1966 చట్టాన్ని మార్చాల్సిన పని కూడా లేదు, అనుమతి ఇచ్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. ఆ అనుమతి అడగడానికి కానిస్టేబుల్‌కు ఇవాళ నోరు లేదు. బయట ఉన్న మనకు ఉంది.