రెసిడెన్సీ ఇంటర్వ్యూ విందు

అమెరికాలో వైద్య రెసిడెన్సీ ఇంటర్వ్యూకు ముందు రోజు సాయంత్రం, ఆ శిక్షణలో ఉన్న రెసిడెంట్లు అభ్యర్థులతో కలిసి భోంచేసే ఇష్టాగోష్ఠి ఇది. ఇంటర్వ్యూలు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి వరకు సాగుతాయి. విందుకు ప్రొఫెసర్లు సాధారణంగా రారు. అందుకే రాత్రి డ్యూటీలు ఎన్ని పడతాయి, సెలవు అడిగితే దొరుకుతుందా, ఇంటి అద్దెలెంత వంటివి మొహమాటం లేకుండా అడగవచ్చు. హాజరు సాధారణంగా ఐచ్ఛికం. అయినా అభ్యర్థి మాటతీరుపై, తాగుడుపై రెసిడెంట్ల అభిప్రాయం కొన్నిచోట్ల ఎంపిక కమిటీ దాకా వెళ్తుంది కనుక దీన్ని ఉత్త కాలక్షేపం అనుకోలేం. 2020లో కోవిడ్‌తో ఇంటర్వ్యూలతోపాటు ఈ గోష్ఠులూ చాలావరకు జూమ్‌కు మారాయి. తెలుగు రాష్ట్రాల నుంచి దరఖాస్తు చేసే డాక్టర్లకు విమాన ఖర్చు తప్పింది గానీ నిద్ర చెడింది: శీతకాలంలో న్యూయార్క్‌లో రాత్రి 7 గంటలంటే హైదరాబాదులో మర్నాడు ఉదయం 5.30.