పాట దొరికింది, పేరు జారింది

సూర్యాపేట నుంచి తుంగతుర్తి దిక్కు పోయే ఆటోలో ‘బండెనక బండి గట్టి’ మోగుతున్నప్పుడు, పక్కన కూర్చున్న కుర్రాణ్ని ఆ పాట ఎవరిదని అడిగి చూడండి. గద్దర్‌ది అంటాడు. తప్పని కొట్టిపారేయలేం, ఆ గొంతు గద్దర్‌దే. కానీ పాట కట్టింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో నల్లగొండ నేల మీద పుట్టిన పాట అది. అప్పటికి గద్దర్ ఇంకా పుట్టనే లేదు.

ఆ పాట ఎందుకంత పదునుగా ఉందో తెలియాలంటే దొరల లెక్క చూడాలి. సూర్యాపేట ప్రాంతపు భూస్వామి జెన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్‌కు నలభై వేల ఎకరాలు ఉండేవని పోరాట చరిత్ర రాసిన పుచ్చలపల్లి సుందరయ్య చెప్పారు. గడీ ముందుకొచ్చిన మనిషి చెప్పులు చేతబట్టి ‘నీ బాంచెన్ కాల్మొక్త’ అనాల్సిన రోజులవి. అలాంటి చోట యాదగిరి ఏకంగా నైజాం సర్కారునే ‘కొడుకా’ అని పిలిచాడు. బండి వెనక బండి కట్టి పారిపోదామంటే ఏ బండెక్కుతావో చెప్పమని నిలదీశాడు. కాల్మొక్కే నోటితోనే జనం ఆ పాట పాడారు. పోరాటం సగం అక్కడే మొదలైందనిపిస్తుంది.

సభలు పెట్టుకునే వీలు లేకపోవడం కూడా పాటకు కలిసొచ్చింది. గస్తీ నిషాన్ 53 అనే నైజాం ఉత్తర్వు ప్రకారం సభ జరపాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ ఆంక్షల నడుమనే 1941లో కోదాడ దగ్గరి చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. ఊళ్లలో మాత్రం పాటే సభ. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లను అనుమతి కాగితం చూపమని ఎవరడుగుతారు?

తుంగతుర్తి దగ్గరి కరివిరాల కొత్తగూడేనికి చెందిన మల్లు స్వరాజ్యం ఆ బాణీనే అందుకుంది. భూస్వామి ఇంటి ఆడపిల్ల, భీమిరెడ్డి నర్సింహారెడ్డి చెల్లెలు, ఊరూరా తిరిగి ఉయ్యాల పాటలు పాడింది. ఉయ్యాల పాటలో ఒక సుళువుంది. ముందు ఒకరు చరణం అందుకుంటారు, మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ ‘ఉయ్యాలో’ అని వంత పాడతారు. ఆ వంత సాగినంత సేపు ముందు పాడే మనిషికి తర్వాతి మాట అల్లుకునే తీరిక దొరుకుతుంది. పొద్దున జరిగిన జులుం మాపటికి పాటవుతుంది. అందుకే ఆ పాటలకు కాగితమూ లేదు, కర్త పేరూ లేదు.

మరో పాటకవి సుద్దాల హనుమంతు దారి వేరు. ఆయన గొల్ల సుద్దులు పట్టుకున్నాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు, పక్కన వంతలు, మధ్య మధ్య హాస్యం. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతరకు తరలివచ్చే జనానికి ఆ వేషాన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఎరిగిన వేషంలో ఎరగని మాట వచ్చేసరికి చెవి ఒగ్గారు.

1951లో పోరాటం విరమించాక ఈ పాటలు దాదాపు మూడు దశాబ్దాలు ముసలివాళ్ల నోళ్లలోనే ఉండిపోయాయి. వాటిని బయటికి లాగింది ‘మా భూమి’. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతం ఘోష్ తీసిన ఈ నలుపు తెలుపు చిత్రాన్ని బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించారు, 1980లో విడుదలైంది. జానపద గీతాల సేకరణకు పేరుపడ్డ వింజమూరి సోదరీమణుల్లో సీత సంగీతంలో పాలుపంచుకున్నారు. యాదగిరి పాటను గద్దర్ తెర మీద కనిపించి పాడాడు. గొడ్లు కాసే పసివాడి మీద హనుమంతు కట్టిన ‘పల్లెటూరి పిల్లగాడా’ను సంధ్య పాడింది. హనుమంతు 1982లో కన్నుమూశాడు. తన పాట మళ్లీ ఊళ్లలోకి వెళ్లడం ఆ చివరి రెండేళ్లలో చూశాడు.

ఆ తర్వాత కేసెట్లు, 2002 నుంచి ధూంధాం వేదికలు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ‘బండెనక బండి’ బాణీ మీద ఎన్ని పేరడీలు వచ్చాయో లెక్కే లేదు. ఇందులో తిట్టించుకునేవాడి పేరు ఒక్కటి మారిస్తే చాలు, పాట కొత్తదైపోతుంది. 2011లో నల్లగొండ జిల్లావాడే అయిన ఎన్.శంకర్ ‘జై బోలో తెలంగాణ’ తీసి, గద్దర్ చేత ‘పొడుస్తున్న పొద్దు మీద’ పాడించినప్పుడు, వినేవాళ్లకు వెనక ‘మా భూమి’ కూడా వినిపించే ఉంటుంది.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయాక ‘మా భూమి’లోని ఆ పాత దృశ్యం ఫోన్లలో మళ్లీ తిరిగింది. ఇరవై ఏళ్లవాళ్లు కొందరు దాన్ని అప్పుడే మొదటిసారి చూశారు. మంచిదే. కాకపోతే గొంతుకు దక్కిన గుర్తింపు కలానికి దక్కలేదు. మల్లు స్వరాజ్యం వెంట వంత పాడిన ఆడవాళ్ల పేర్లు ఎలాగూ దొరకవు. యాదగిరి పేరు మాత్రం ఇంకా మన దగ్గరే ఉంది. ఈసారి ఆ పాట ఎవరికైనా పంపేటప్పుడు గద్దర్ పేరు పక్కన ఆ పేరు కూడా రాసి పంపండి.